కథాపూరణ సంప్రదాయము: ఉత్తర తెలంగాణ సాక్ష్యము

తెలుగు సారస్వతచరిత్ర పూరణముతోనే ఆరంభమైనదనుట అతిశయోక్తి కాదు. నన్నయ 11వ శతాబ్దమున ఆరణ్యపర్వమధ్యమున విడిచిన భారతమును తిక్కన 13వ శతాబ్దమున విరాటపర్వము మొదలుకొని తుదముట్టించెను. నడుమ మిగిలిన ఆరణ్యపర్వశేషమును ఎఱ్ఱన 14వ శతాబ్దమున పూరించెను. గోన బుద్ధారెడ్డి పేరిట వెలసిన రంగనాథరామాయణము యుద్ధకాండతో నిలువగా, ఉత్తరకాండమును ఆయన కుమారులు కాచభూపతి, విఠలభూపతి ద్విపదగా రచించిరి. భాస్కరరామాయణము పలువురి చేతులమీదుగా నడచినది. ఈ విషయములను మనము ఆయా కవుల చరిత్రలలో అంశములుగా చదువుకొనుచున్నాము. కాని పరుల కథను కొనసాగించు అధికారము ఎవరికి, ఏ నియమములకు లోబడి కలుగును అను ప్రశ్నను వేరుగా వేసికొనుట అవసరమని మేము తలంచుచున్నాము. అందులకు కరీంనగరము, ఆదిలాబాదు ఉమ్మడి జిల్లాల సీమ మంచి సాక్ష్యమొసగుచున్నది.

ఈ ప్రశ్న నేడు న్యాయస్థానములవరకు పోయినది గనుక, ముందుగా దేశాంతరమునుండి ఒక ఉదాహరణము గ్రహింతము. అమెరికాలో 1966 సెప్టెంబరునుండి 1969 జూనువరకు టెలివిజనులో ‘స్టార్ ట్రెక్’ అను విజ్ఞానకల్పనా ధారావాహిక ప్రసారమైనది. నక్షత్రనౌక యాత్ర ఐదేండ్లదని ప్రతి భాగారంభమున చెప్పబడుచుండినను, మూడు ఋతువులకే, 79 భాగములతో, అది ఆగిపోయినది. మిగిలిన రెండేండ్ల కథ అభిమానుల మనస్సులలో వెలితిగా నిలిచినది. ఆ వెలితిని పూరించుటకే ‘స్టార్ ట్రెక్ కంటిన్యూస్’ అను పేర కొందరభిమానులు 2013 మొదలు 2017 వరకు 11 భాగములు నిర్మించిరి. పాతనౌక గదులను ఆ కొలతలతోనే కట్టించిరి. దీపకాంతిని, సంగీతమును, తెర చట్రపు ఆకారమునుగూడ 1960ల నాటి తీరుననే ఉంచిరి. మూలధారావాహికలో స్కాటీ పాత్ర ధరించిన జేమ్స్ డూహన్ కుమారుడు క్రిస్ డూహన్ ఇందు తండ్రి పాత్రనే ధరించెను. తండ్రి రామాయణమునకు ఉత్తరకాండము చేర్చిన గోనవారి సోదరులు ఇచ్చట మనకు స్మృతికి రాకపోరు.

ఆ సమయముననే మరియొక బృందము వేరు మార్గము త్రొక్కినది. 1969 జనవరిలో ప్రసారమైన ఒక భాగమున ఆక్సనార్ అను స్థలమున జరిగిన యుద్ధము ప్రస్తావమాత్రముగా వచ్చినది. దానినే స్వతంత్రకథగా విస్తరింపబూని, ఆ బృందము అభిమానుల విరాళములద్వారా పదిలక్షల డాలర్లకు మించి ప్రోగుచేసెను. హక్కుదారులైన సి.బి.యస్., పారమౌంట్ సంస్థలు 2015 డిసెంబరులో వ్యాజ్యము వేసెను. 2017 జనవరిలో అది రాజీతో ముగిసెను. ఈ నడుమ, 2016 జూనులో, ఆ సంస్థలు అభిమానచిత్రములకు నియమావళి ప్రకటించెను: ఒక్క కథ 15 నిమిషములకు మించరాదు, రెండు భాగములైనచో మొత్తము 30 నిమిషములు దాటరాదు, విరాళము 50,000 డాలర్లకు లోబడవలెను, ఇది అభిమానుల నిర్మాణమని పేరులోనే తెలుపవలెను.

ఈ రెండు యత్నములలోని భేదమును మన పరిభాషలో చెప్పవలెనన్న, మొదటిది పూరణము, రెండవది విస్తరణము. వీనికి పరివర్తనమను మూడవదానిని చేర్చినచో, పరకథావ్యాపారమునకు చాలిన వర్గీకరణ మేర్పడును. ఈ మూడింటికిని ఉత్తర తెలంగాణమున పూర్వోదాహరణములు కలవు.

పరివర్తనమునకు ప్రాచీనసాక్షి వేములవాడ. చాళుక్య రెండవ అరికేసరి ఆస్థానమున పంపకవి 941 ప్రాంతమున కన్నడమున విక్రమార్జునవిజయమును రచించెను. ప్రభువును అర్జునునితో అభేదముగా నిలుపుట ఆయన సంకల్పము. ఆ సంకల్పమునకై ద్రౌపదిని అర్జునున కొక్కనికే భార్యను గావించెను. కథాంతమున అర్జునునకే సుభద్రతో పట్టాభిషేకము చేయించెను. వ్యాసుని కథనింతగా మార్చినను పంపని ఎవరును దోషిగా ఎంచలేదు. ఆయన కన్నడమున ఆదికవిగా నిలిచెను. ఆయన సోదరుడు జినవల్లభుడు కురిక్యాల గ్రామసమీపమున బొమ్మలగుట్టపై చెక్కించిన శాసనమున మూడు తెలుగు కందపద్యములుండుట మన పాఠకులెరిగినదే. తెలుగు కందము వెలసిన ఈ గుట్టసీమయే, భారతకథను కృతిపతికొరకు మార్చిన కవికిని ఆశ్రయమైన సీమ.

పూరణమునకు సాక్షి పోతన భాగవతము. గ్రంథము కొంత శిథిలమయ్యెననియు, రాజాగ్రహమే కారణమనియు చాటుకథలున్నవి. వానితో మనకు పనిలేదు. పంచమస్కంధమున గంగన పేరు, షష్ఠమున ఏర్చూరి సింగన పేరు, ఏకాదశ ద్వాదశములలో వెలిగందల నారయ పేరు గద్యలందు నిలిచియున్నవి. నారయ తన్ను పోతనకు ప్రియశిష్యునిగా చెప్పుకొనెను. ఈతని ఇంటిపేరు కరీంనగర సమీపమందలి ఎలగందులను స్ఫురింపజేయుచున్నది. ఎలగందుల దుర్గమే 1905వరకు జిల్లాకు ముఖ్యస్థానము. అయితే వెలిగండ్ల యను గ్రామము ఉమ్మడి ప్రకాశం జిల్లాలోను కలదు. ఇంటిపేరు మాత్రముచేత కవినివాసము నిర్ణయింపరాదు. మా వాదమునకు ఆ నిర్ణయము అవసరమును కాదు. మనకు కావలసినది నారయ గద్యలోని క్రమము: గురువు పేరు ముందు, తన పేరు వెనుక. పూరకునకు అధికారమిచ్చినది ఈ క్రమమే.

ఎఱ్ఱన ఇంకను ముందునకు పోయెను. తన ప్రభువు ప్రోలయ వేమారెడ్డి యైయుండగా, ఆరణ్యపర్వశేషమును మున్నూరేండ్లకు దగ్గరగా గతించిన రాజరాజనరేంద్రునకే అంకితముచేసెను. అనగా మూలకర్త శైలినేగాక మూలకృతిపతి గౌరవమునుగూడ కాపాడెను. పాత తెరచట్రమును మార్చని అమెరికా అభిమానుల నిగ్రహము ఇట్టిదే. ఈ పోలికకు ఒక ఆక్షేపము రావచ్చును. నాటి కథ అందరిదనియు, నేటి కథకు యజమాని కలడనియు అందురు. ఈ భేదము సత్యమేగాని సంపూర్ణము కాదు. మనవారిలోను హక్కు లేకపోలేదు. అది వేరుచోట నుండెను. ఆ చోటు వాఙ్మయమున గోచరింపదు, మౌఖికసంప్రదాయమున గోచరించును.

ఉత్తర తెలంగాణమున చిందు భాగవతులు మాదిగవారికి ఆశ్రితులై యక్షగానములు ప్రదర్శింతురు, జాంబపురాణమును చెప్పుదురు. ఏ మేళమునకు ఏ గ్రామములు చెందునో మిరాశిహక్కు నిర్ణయించును. ఒకరి మిరాశిగ్రామమున వేరొకరు ఆట కట్టరాదు. కథ మాత్రము అందరిదే. ఒగ్గుకథకులు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను డోళ్లు, తాళములతో రాత్రులతరబడి నడపుదురు. వేములవాడ ప్రాంతమందలి హన్మాజీపేటవాసియైన మిద్దె రాములు ఈ కళకు వన్నె తెచ్చి 2010లో కీర్తిశేషులైరి. ఆదిలాబాదున గోండుల వంశగాథలను ప్రధానులు కింగ్రి వాయించుచు పాడుదురు. ప్రధాను కుటుంబము తనకు యజమానులైన గోండుకుటుంబములకే గాథ వినిపించును. ప్రధానుల ఇంటిభాష మరాఠీ. గాథ గోండిలో నుండును. 1940లలో ఈ సీమను పరిశీలించిన హైమండార్ఫ్ దీనిని గ్రంథస్థము చేసెను. కథ ఒకరిది, గొంతు వేరొకరిది. ఉభయులను కలిపినది తరతరముల ఒడంబడిక.

ఇందుండి మేము ఒక సిద్ధాంతమును ప్రతిపాదించుచున్నాము. నేటి చట్టమునకు కథయే ఆస్తి. కావున కథను తాకుటను నిమిషములలోను డాలర్లలోను కొలిచి కట్టుబాటు చేసినది. మన సంప్రదాయమునకు సందర్భము ఆస్తి: ఏ ఊరు, ఏ కులము, ఏ జాతర, ఏ కృతిపతి అనునవి. కథను సాగదీయుటకు, కొత్త ఘట్టము చేర్చుటకు అడ్డులేదు; పరుల సందర్భమున చొరబడుటకు మాత్రమే అడ్డుకలదు. పంపడు కథను మార్చగలిగినది, తన కృతిపతి సందర్భమున నిలిచినందువలన. ఎఱ్ఱన తన్ను మరుగుపరచుకొనవలసివచ్చినది, రాజరాజు సందర్భమున ప్రవేశించినందువలన.

ఈ విచారణ కేవలము పాండిత్యవినోదము కాదు. బ్రిటనులో 1963న ఆరంభమైన ‘డాక్టర్ హూ’ ధారావాహికలో తొలినాటి భాగములు పెక్కింటి టేపులను బి.బి.సి. తుడిచివేసినది. కొందరు ప్రేక్షకులు ఇండ్లలో శబ్దమును టేపులమీద పట్టుకొని యుంచుటచేత ఆ భాగముల ధ్వనియైనను నిలిచి, తరువాత ఆ సంస్థయే వానిని ప్రకటింపగలిగినది. సంస్థ పారవేసినదానిని అభిమాని కాపాడెను. మనచోట పరిస్థితి విలోమముగా నున్నది. చిందువారు, ఒగ్గువారు, ప్రధానులు కాపాడిన కథలను విద్యాసంస్థలు సేకరించుచున్నవి. కాని వ్రాసికొనినవాని పేరు అట్టమీద నిలుచుచు, పాడినవాని పేరు తరచుగా పీఠికలో ఒక పంక్తికి దిగిపోవుచున్నది. నారయ గద్యలోని క్రమము తలక్రిందులైనది.

కావున క్షేత్రమునకు పోవు పరిశోధకవిద్యార్థులు ప్రతి పాఠమునకును మూడు విషయములు తప్పక వ్రాసికొనవలెను: కథకుని పేరు, ఆతడు కథ నేర్చిన గురువు పేరు, ఆ కథ చెల్లు గ్రామము లేక కులము. మూలమునుండి భిన్నమైన ఘట్టము కనబడినచో దానిని అపపాఠమని త్రోసివేయక, పూరణమా, విస్తరణమా, పరివర్తనమా అని విచారింపవలెను. గద్యయందు తన పేరు నిలుపుకొనగలిగినందున వెలిగందల నారయను మనమెరుగుదుము. గద్య వ్రాసికొనలేని పూరకులు ఈ సీమలో ఎందరో కలరు. వారికి గద్య వ్రాయుట మన విధి.