ఒకే కౌంటర్, ఏ భాషలో?

పోర్టల్ అనే మాట ఇప్పుడు పిల్లలకూ తెలుసు. మన తెలుగువాళ్ళ దగ్గర దాని కథ 1999 డిసెంబరులో హైదరాబాదులో ట్విన్స్ అనే ప్రయోగంతో మొదలైంది. కరెంటు బిల్లు, నీటి బిల్లు వేరువేరు ఆఫీసులకు తిరక్కుండా ఒకే కౌంటర్లో కట్టే ఏర్పాటు అది. 2001లో అదే ఈసేవ అయింది.

2011 నవంబరు 4న మీసేవ వచ్చింది. రికార్డులను ముందే కంప్యూటర్లోకి ఎక్కించి, అధికారి డిజిటల్ సంతకం చేసి ఉంచారు. అందుకే కొన్ని పత్రాలు అడిగిన వెంటనే చేతికొచ్చాయి.

ప్రాణహితకు ఇవతల, మన రేగుంటకు మహారాష్ట్ర వారి 'ఆపలే సర్కార్' పోర్టల్ ఉంది. అది మరాఠీ, ఇంగ్లీషుల్లో నడుస్తుంది. తెలుగు మాత్రమే వచ్చిన పెద్దలకు దరఖాస్తు నింపాలంటే పక్కవాళ్ళే దిక్కు. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. చదవలేని కాగితం మీద సంతకం పెట్టడం ఎంత బెరుకో నాకు తెలుసు.

రైల్వేలో స్టేషను బోర్డు మూడు భాషల్లో రాస్తాం, దిగాల్సినవాడు ఊరు గుర్తుపట్టాలని. పోర్టల్‌కైనా భాషల లెక్క మొదట్లోనే వేసుకోవాలి. ఈలోగా ముఖ్యమైన దరఖాస్తులకు తెలుగులో వివరణ పత్రం కావాలని సంఘం తరఫున సిరొంచ తహసీల్దారు గారికి అర్జీ ఇద్దాం. ఏమంటారు?