ఫౌజు జీతం, సాహుకారు పద్దు: హైదరాబాద్‌లో యుద్ధ వ్యాపారం

ఆధునిక యుద్ధంలో ప్రైవేటు కంపెనీల పాత్ర గురించి రాసేవారు సాధారణంగా ఇరాక్‌లో బ్లాక్‌వాటర్‌తోనో, ఉక్రెయిన్‌లో వాగ్నర్‌తోనో మొదలుపెడతారు. పాతబస్తీ చరిత్ర తిరగేసినవారికి ఇందులో కొత్తేమీ కనపడదు. ఆసఫ్‌జాహీ దర్బారుకు ఫిరంగులు పోసినవాడు, సైన్యానికి జీతాలు సర్దినవాడు, ఆఖరి రోజుల్లో ఆయుధాలు మోసుకొచ్చినవాడు, ముగ్గురూ బేరం కుదుర్చుకుని వచ్చిన బయటివారే. వీరిలో దర్బారు మెడ వంచగలిగింది జీతాలు సర్దినవాడొక్కడే. తుపాకీ కన్నా దాని వెనుక నడిచిన బాకీయే రాజ్యాన్ని ఎక్కువగా దెబ్బతీసిందని నా వాదన.

గన్‌ఫౌండ్రీ అనే పేట ఫ్రెంచి సైనికుడు రేమాన్ ఏర్పాటు చేసిన ఫిరంగుల కార్ఖానా పేరు మీద నిలిచింది. 1798 మార్చిలో అతడు చనిపోయేనాటికి అతని కింద పద్నాలుగు వేల పైచిలుకు సిపాయిలు ఉన్నారు. అదే ఏడాది సెప్టెంబరు 1న నిజాం ఈస్టిండియా కంపెనీతో సంధి చేసుకున్నాడు. ఫ్రెంచి పటాలాన్ని రద్దు చేస్తున్నారని తెలియగానే సిపాయిలు జీతం బాకీల కోసం తిరగబడి, రేమాన్ స్థానంలో వచ్చిన పిరాన్‌నే నిర్బంధించారు. అక్టోబరు 22న కంపెనీ సేన చుట్టుముడితే రక్తపాతం లేకుండానే ఆయుధాలు దించేశారు.

అసలు కథ ఆ తర్వాతది. ఫ్రెంచివారు పోయాక కంపెనీ ప్రతినిధి అయిన రెసిడెంటు హెన్రీ రసెల్ పూనికతో బ్రిటిష్ అధికారుల కింద కొత్త పటాలాలు లేచాయి. జీతం నిజాంది, ఆజ్ఞ రెసిడెంటుది. ఈ సైన్యానికి నెలనెలా నగదు కావాలి. శిస్తేమో పంటల కాలంలోనే వస్తుంది. ఆ సందులోకి విలియం పామర్ కంపెనీ ప్రవేశించింది. పామర్ తండ్రి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో జనరల్, తల్లి ఫైజ్ బక్ష్ బేగం. పామర్ నిజాం కొలువులో సైనికుడిగా పనిచేసి, తర్వాత సాహుకారు అయ్యాడు. ఐరోపావారు స్వదేశీ రాజులకు అప్పివ్వాలంటే అనుమతి ఉండాలని బ్రిటిష్ చట్టం. 1816లో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ఆ అనుమతి ఇచ్చాడు. హేస్టింగ్స్ పెంచిన అమ్మాయి భర్త విలియం రంబోల్డ్ ఈ సంస్థలో భాగస్వామి అయ్యాడు.

ఔరంగాబాద్ ఏర్పాటును దగ్గరగా చూస్తే విషయం బోధపడుతుంది. అక్కడి సైన్యానికి నెలనెలా జీతం సంస్థ ఇస్తుంది. బదులుగా కొన్ని జిల్లాల శిస్తు దానికి రాసిస్తారు. నిజాం పేష్కార్ చందూలాల్ ఇలా ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేస్తూ పోయాడు. వడ్డీ నూటికి ఇరవై నాలుగు దాకా వెళ్ళింది. 1820లో వచ్చిన రెసిడెంటు చార్లెస్ మెట్కాఫ్ అరవై లక్షల కొత్త అప్పు పద్దులు విప్పి చూశాడు. అందులో చాలావరకు పాత బాకీలే పేరు మారి చేరాయనీ, ఎనిమిది లక్షలు భాగస్వాములకు ఇనాముగా పోయాయనీ తేల్చాడు.

బాకీ తీర్చే మార్గం వెదికితే అది కోస్తా తెలుగు నేలలో దొరికింది. ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ నిజాంకు ఏటా ఏడు లక్షల రూపాయల పేష్కష్ కడుతుండేది. 1823లో దాన్ని శాశ్వతంగా రద్దు చేసుకుని, ఒక్కసారిగా సుమారు కోటీ పదహారు లక్షలు లెక్కగట్టారు. ఆ సొమ్ముతో పామర్ బాకీ తీరింది. గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న నేల మీద నిజాంకు మిగిలిన ఆఖరి హక్కు ఒక సాహుకారు చిట్టాలో కరిగిపోయింది. మన పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతి కనిపించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

పామర్ సంస్థను విదేశీ దోపిడీకి ప్రతీకగా చూడటం అలవాటు. ఇందులో గుజరాతీ సాహుకార్ల భాగస్వామ్యం ఉందనీ, దీన్ని భారతీయ సంస్థగానే చూడాలనీ చరిత్రకారిణి కేరన్ లెనార్డ్ వాదించారు. ఆమె మాటలో బలముంది. దక్కనులో పలుకుబడి సంపాదించిన అరబ్ జమేదార్లు కూడా ఒక చేత్తో సైనికులను, మరో చేత్తో అప్పులను సమకూర్చినవారే. వారి వంశీకులు బార్కస్‌లో నేటికీ ఉన్నారు. రోగం జాతిది కాదు, ఏర్పాటుది. పామర్ దివాళా తీసినా ఆ ఏర్పాటు ఆగలేదు. రసెల్ పటాలాల నుంచి ఎదిగిన కంటింజెంట్ సైన్యపు బాకీల కిందే 1853లో బేరార్ ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది.

ఇక ఆఖరి రోజుల్లో ఆయుధాలు మోసుకొచ్చినవాడి సంగతి. 1948లో నిజాం కోసం ఆస్ట్రేలియా విమాన చోదకుడు సిడ్నీ కాటన్ కరాచీ నుంచి రాత్రిపూట లాంకాస్ట్రియన్ విమానాల్లో బీదరు, వరంగల్లులకు ఆయుధాలు దింపాడు. సెప్టెంబరు 13న మొదలైన భారత సైనిక చర్య ఐదు రోజుల్లో ముగిసింది. కాటన్‌కు లండన్‌లో పడిన జరిమానా 200 పౌండ్లు. సెప్టెంబరు 20న లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు చేరిన నిజాం సొమ్ము పది లక్షల పైచిలుకు పౌండ్లు మాత్రం డెబ్బై ఏళ్ళు బ్యాంకులో చిక్కుకున్నాయి. అది ఆయుధాల లెక్కలోదని పాకిస్తాన్ వాదించింది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. మూడున్నర కోట్ల పౌండ్లకు పెరిగిన సొమ్ము భారత ప్రభుత్వానికీ నిజాం వారసులకూ దక్కింది.

ఇవాళ పాతబస్తీ అంచున కంచన్‌బాగ్‌లో క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్ 1970లో పుట్టిన ప్రభుత్వ సంస్థ. 2001లో రక్షణ ఉత్పత్తిలోకి ప్రైవేటు రంగాన్ని అనుమతించాక చుట్టూ కొత్త కర్మాగారాలు వచ్చాయి. 2018 డిసెంబరులో అదానీ, ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్ కలిసి హెర్మిస్ 900 డ్రోన్ల కర్మాగారం తెరిచాయి. వీటిని పామర్‌తో పోల్చడానికి హద్దుంది. నేడు ఏ జిల్లా శిస్తూ తాకట్టులో లేదు, కొనుగోళ్ళ మీద పార్లమెంటు, కాగ్ చూపు ఉంటుంది. ఇక్కడ తయారైన ఆయుధాల ఎగుమతి ఎవరికి, ఏ షరతులతో అన్న ప్రశ్నకు మాత్రం పౌరుడికి జవాబు సులువుగా దొరకదు. మెట్కాఫ్ పద్దులు విప్పాడు కాబట్టే పామర్ కథ మనకు తెలిసింది. ఈ ఎగుమతుల షరతులను ప్రభుత్వం పార్లమెంటు సభ్యుల ముందు, పరిశోధకుల ముందు ఉంచాలి. ఆ కోరిక గట్టిగా వినిపించాల్సిన బాధ్యత ఈ నగరంలోని విశ్వవిద్యాలయాలదే.