తాతల అప్పు, మనవళ్ల నిధి

కువైట్ అనగానే మన కడప, గోదావరి జిల్లాల ఇళ్లలో దినార్లు, వీసాలు మాటకొస్తాయి. చమురు పడకముందు ఆ ఊరు మంచినీళ్లకే కటకటలాడేది. తాగునీరు షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో వచ్చేది. ఎండాకాలం వస్తే మగవాళ్లు ముత్యాల వేటకు కదిలేవారు. ముక్కుకు బిగింపు, కాలికి రాయి, ఆసరాకు తాడు. ఊపిరి నిలిచినంతసేపే పని. పడవ ఎక్కేముందు యజమాని దగ్గర తీసుకున్న అడ్వాన్సుకు ముత్యాలు చాలకపోతే బాకీ మరుసటి ఏడాదికి పడేది. గల్ఫ్ తీరంలో తండ్రి పోతే ఆ బాకీ కొడుకు మెడకు చుట్టుకోవడం మామూలే. చివరికి జపాన్ సాగు ముత్యాలు, 1929 మాంద్యం కలిసి ఆ బతుకుతెరువునూ పోగొట్టాయి.

1938లో బుర్గాన్‌లో చమురు పడింది. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఎగుమతి 1946లో గానీ మొదలు కాలేదు. ఏడేళ్లకే, 1953లో, షేక్ అబ్దుల్లా అల్ సాలెం హయాంలో మిగులు సొమ్ము మదుపు చేయడానికి లండన్‌లో ఒక బోర్డు ఏర్పడింది. దేశానికి ఇంకా స్వాతంత్ర్యం లేదు, బజారులో చెల్లేది మన రూపాయే!

అసలు ఘనత 1976 నాటి 106వ నంబరు చట్టానిది. రాజ్య ఆదాయంలో ఏటా 10 శాతం భావితరాల నిధికి చేరాలి, చట్టం చేయకుండా తీయకూడదు. పితృఋణం సంతానంతో తీరుతుందని మనవాళ్లంటారు. అప్పు వారసత్వంగా మోసినవాళ్ల పిల్లలు ఇంకా పుట్టనివారికి ఆస్తి రాసిపెట్టడం కంటే ఆ రుణం తీర్చే దారి ఏముంటుంది? 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌నే మింగేసినప్పుడు ప్రవాస ప్రభుత్వాన్ని, ఆ తర్వాత పునర్నిర్మాణాన్ని నిలబెట్టింది విదేశాల్లో దాచిన ఈ సొమ్మే. 2020లో మాత్రం, మిగులున్న ఏడాదే వాటా వేయాలని చట్టం సడలించారు. కష్టకాలంలో దాచడం ఎవరికైనా కష్టమే. ఆ నిధిలో మన కూలీలకు వాటా లేదు, అదీ నిజమే.

ఇక మన సంగతి. రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో తవ్వే ముగ్గురాయి చమురు బావుల డ్రిల్లింగుకే ఎక్కువగా పోతుంది. ఆ చుట్టుపక్కల ఊళ్ల జనం పొట్ట చేతబట్టుకుని కువైట్‌కు పోతారు. ముగ్గురాయీ తవ్వితే తరిగేదే. గోవా ఇనుప ఖనిజం అమ్మకాల్లో 10 శాతం శాశ్వత నిధికి వేయాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మంగంపేటకూ అలాంటి నిధి కావాలి, కోర్టు చెప్పేదాకా ఆగకుండా శాసనసభే ఆ చట్టం చేయాలి.