అరబ్బీ కంప్యూటర్లలో తెలుగు పేజీలు

వెబ్ పేజీ చెయ్యటానికి కావలసిందల్లా ఒక నోట్‌ప్యాడ్, పది పన్నెండు ట్యాగులు. 1991లో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను లోకానికి చూపించిననాడూ అంతే, నేటికీ అంతే. మనకు చిక్కంతా ఆ ట్యాగుల మధ్య తెలుగు పెట్టటంలో వచ్చింది. తమాషా ఏమిటంటే, తెలుగుకు 128 గదులు కేటాయించిన యూనికోడ్ మొదటి కూర్పు కూడా ఆ 1991లోనే వచ్చింది. కానీ ఈ రెండూ మన ఇళ్ళల్లో కలుసుకోవటానికి పదేళ్ళు పట్టింది.

ఆ పదేళ్ళూ మనవాళ్ళు చేతికందినదానితో నెట్టుకొచ్చారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద వచ్చిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వ్రాసుకున్నారు. కొందరు కాగితం మీద వ్రాసి, స్కాన్ చేసి బొమ్మగా పెట్టారు. మిగతావాళ్ళు ఫాంటు కిటుకు పట్టుకున్నారు. అంటే ఇంగ్లీషు, యూరపు అక్షరాల గదుల్లో తలకట్టు, గుడి, వత్తులు కూర్చటం, పేజీలో ఫలానా ఫాంటు వాడమని ట్యాగు వ్రాయటం. ఆ ఫాంటు ఉన్నచోట చక్కని తెలుగు, లేనిచోట పిచ్చి గీతలు.

ఒమన్‌లో మాకు ఇంకో మెలిక ఉండేది. ఇక్కడ ఇంటర్నెట్ 1990ల చివర్లో వచ్చింది. రువిలో నెట్ సెంటరుకి వెళ్ళినా, ఆఫీసులో కూర్చున్నా విండోస్ అరబ్బీకి అమర్చి ఉండేది. ఒక బైటుకి 256 గదులే, అందులో పై 128లో అరబ్బీ కాపురం. పేజీ తన అక్షరాల పట్టిక ఏదో చెప్పకపోతే బ్రౌజరు సొంత పట్టికతో చదివేసేది. అందుకని ఫాంటు దించుకున్నా సరే, వత్తు ఉండాల్సినచోట అలీఫో, లామో కనిపించేది! మెనూలో ఎన్‌కోడింగ్‌ని 'యూజర్ డిఫైన్డ్'కి మారిస్తేగానీ దారికొచ్చేది కాదు. నా పేజీల తలలో మెటా ట్యాగుగా ఆ ముక్కే వ్రాసేవాణ్ణి.

2001లో విండోస్ ఎక్స్‌పీ, దానితో గౌతమి ఫాంటు వచ్చాయి. ఇండియాలో, అమెరికాలో స్నేహితులు కంట్రోల్ ప్యానెల్లో ఒక టిక్కు పెట్టి, సీడీ వెతుక్కోవలసి వచ్చేది. ఆ టిక్కు తెలుగుకీ అరబ్బీకీ ఉమ్మడిది. అరబ్బీకి అమర్చిన మస్కట్ కంప్యూటర్లలో అది ముందే ఉంది. నిన్నటిదాకా అడ్డుపడ్డ అరబ్బీయే తెలుగుకి తలుపు తీసి పెట్టిందన్నమాట.

ఇదంతా పాత కథ అనుకోకండి. మా నాన్నగారు రిటైరయ్యాక మా ఊరి చెరువు గురించీ, కరువు గురించీ నలభై పేజీలు పాత ఫాంటులో టైపు చేసి పంపారు. ఆయన ఇప్పుడు లేరు. ఆ ఫాంటు లేకుండా ఫైలు తెరిస్తే ఒక్క మాట కూడా తెలుగు కాదు. నాగార్జున వెన్న గారి 'పద్మ' ఇలాంటి పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చటానికే పుట్టింది, కానీ ఫైర్‌ఫాక్స్ 2017లో పాత తరహా పొడిగింతలను ఆపేసింది. నాన్న వాడిన ఫాంటు నా దగ్గరే ఉంది కాబట్టి ఏ గుర్తు ఏ అక్షరమో పట్టిక వేసుకుని, సాయంత్రాలు కూర్చుని మార్చుకుంటున్నాను.

మీ ఇంట్లోనూ పాత ఫ్లాపీలు, సీడీలు ఉండే ఉంటాయి. ఆ ఫైళ్ళు దాచేటప్పుడు ఫాంటు కూడా పక్కనే దాచండి. వీలైతే ఇప్పుడే యూనికోడ్‌లోకి మార్చి, పేజీ తలలో 'యూటీఎఫ్-8' అని వ్రాయండి. టైపు చేసినవారు ఉండగానే చేస్తే, అనుమానం వచ్చినచోట అడగవచ్చు.