రాజమార్గం నుంచి సంతబాట దాకా: తెలుగు సాహిత్యంలో నడక, అంగడి, దారి హక్కు

ఆంధ్రప్రదేశ్ నైరుతి కొసన, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు చేరువలో ఉన్న రామకుప్పం, కుప్పం ప్రాంతంలో దుకాణానికి వాడుకమాట అంగడి. జనం నోట అది అంగిడి అవుతుంది. కోస్తా జిల్లాలవారు కొట్టు అనే చోట ఇక్కడివారు అంగడి అంటారు. పొరుగున కన్నడంలోనూ అది అంగడే, ప్రాచీన తమిళంలో అంగాడి. సంగ సాహిత్యానికి చెందిన మదురైక్కాంచి పగటి అంగడిని నాళంగాడి అని, రాత్రి అంగడిని అల్లంగాడి అని వేరుచేసి పేర్కొంది. సంత విషయమూ అంతే. కన్నడంలో అది సంతె, తమిళంలో చందై. మదనపల్లె దగ్గర ఒక ఊరి పేరే అంగళ్ళు. సరుకుతోపాటు మాట కూడా ఎల్లలు దాటి తిరిగిందనడానికి ఇంతకంటె వేరే ఆధారం అక్కరలేదు.

అయితే అంగడి అనే మాట స్థలాన్ని మాత్రమే చెబుతుంది. ఆ స్థలానికి ఎవరు ఏ దారిన వచ్చారో, ఎక్కడ నిలిచారో, ఎదురైనవారిలో ఎవరికి తప్పుకొని దారి ఇచ్చారో చెప్పదు. ఆ సంగతులను సాహిత్యంలోనూ శాసనసభల తీర్మానాల్లోనూ వెదకవలసి ఉంటుంది. తెలుగులో ఈ వెదుకులాటకు తొలి మజిలీ క్రీడాభిరామం.

వీథి అనే రూపకం, వీధి అనే దారి

వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామం దశరూపకాల్లో ఒకటైన వీథికి తెలుగులో దక్కిన అరుదైన ఉదాహరణ. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామం దీనికి మూలం. ఆ మూలం నేడు లభించడం లేదు. క్రీడాభిరామ కర్తృత్వం శ్రీనాథునిదని వేటూరి ప్రభాకరశాస్త్రి చేసిన వాదం, దాని ఖండనలు సాహిత్య చరిత్రలో ప్రసిద్ధమే. వాటితో ఇక్కడ పని లేదు. ప్రస్తుతాంశానికి ముఖ్యమైనది కథా నిర్మాణం. గోవింద మంచనశర్మ, అతని మిత్రుడు టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల్లో ఒక దినమంతా తిరుగుతారు. అంతకుమించి కథ అంటూ లేదు. ఇద్దరు మనుషుల నడకే కావ్యానికి వెన్నెముక.

సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) ఈ కావ్యాన్ని విరివిగా వాడుకొంది. పూటకూళ్ళ ఇల్లు, కోడిపందెం, పొట్టేళ్ళ పోరు, మైలారదేవుని వీరభటుల సాహసాలు, పల్నాటి వీరుల కథాగానం, మాచల్దేవి ఇంటి చిత్రశాల ఆ గ్రంథం ద్వారానే తరువాతి పరిశోధకుల దృష్టికి బలంగా వచ్చాయి. ఆ మేలు కాదనలేనిది. కాని ఆటలను ఒక చోట, ఆహారాన్ని ఒక చోట, వేషభాషలను మరొక చోట పేర్చేటప్పుడు వాటిని కలిపి ఉంచిన దారపు పోగు జారిపోయింది. ఆ పోగు నడక. కావ్యంలో పూటకూళ్ళ ఇల్లు ఒక వస్తువుగా రాదు, నడిచి నడిచి ఆకలి వేసిన వేళకు వస్తుంది. ఒక రూక ఇస్తే ఏమేమి వడ్డిస్తారో అప్పుడు తెలుస్తుంది. ఈ వరుసను వదిలేస్తే మిగిలేది సరుకుల పట్టికే.

నడక దృష్టితో చదివినప్పుడు ఒక ఘట్టం ప్రత్యేకంగా నిలుస్తుంది. రాజమార్గం ఏనుగులతో, గుర్రాలతో, బండ్లతో, భటులతో కిక్కిరిసి ఉందని, ఆ దారిన పోవడం సాధ్యం కాదని, కాబట్టి వేశవాటిక మీదుగా పోదామని మిత్రులు అనుకొంటారు. పైకి ఇది కథను ఒక చోటినుంచి మరొక చోటికి జరిపే చిన్న ఉపాయం. రసికులకు వేశవాటికలో అడుగుపెట్టడానికి రద్దీ కంటె మంచి నెపం దొరకదు కూడా. అయినా ఆ నెపంలోనే మధ్యయుగ నగరపు రహదారి గుణం బయటపడింది. పెద్ద దారి రాజుదీ సైన్యానిదీ. సామాన్యుడు అందులో పోవచ్చు, కాని ఏనుగు వస్తే తప్పుకోవాలి. తప్పుకోవడానికి పక్కదారి తెలిసి ఉండాలి. పక్కదారిలో పోయినందుకు ఎవరూ నిలదీయని స్థితి ఉండాలి.

ఓరుగల్లు పతనం 1323లో జరిగింది. మనకు దక్కిన తెలుగు కృతి విజయనగర కాలానిది. కనుక ఈ వర్ణనను కంటితో చూసిన సాక్ష్యంగా తీసుకోవడం పొరపాటు. అయితే అదే స్థితిని కళ్ళారా చూసి రాసిన మరొకరున్నారు. కృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో, విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఆ నగరపు వీధుల్లో బరువులు మోసే ఎడ్ల మందలు ఎంతగా ఎదురయ్యేవో చెప్పాడు. అవి దాటిపోయేదాకా ఆగడమో, వేరే దారి పట్టడమో తప్ప చాలా వీధుల్లో గత్యంతరం లేదన్నాడు. ఓరుగల్లులో అడ్డుపడినవి సైన్యపు ఏనుగులూ గుర్రాలూ బండ్లూ. విజయనగరంలో వర్తకపు ఎడ్లు. కవి కల్పించిన మిత్రులూ, విదేశీ యాత్రికుడూ చేసిన పని ఒక్కటే, దారి మార్చుకోవడం.

దారి మార్చుకొనే స్వేచ్ఛ ఎవరిది?

మంచనశర్మ బ్రాహ్మణుడు, టిట్టిభసెట్టి కోమటి. ఒకరికి శాస్త్రం, మరొకరికి ధనం అండగా ఉన్నాయి. ఈ జంటకు ఓరుగల్లులో మూసిన తలుపు లేదు. దేవాలయానికీ పూటకూళ్ళ ఇంటికీ పందెపు బరికీ వేశ్యాగృహానికీ ఒకే చనువుతో పోగలరు. వారు చూసే మనుషుల్లో ఎక్కువమంది, ముఖ్యంగా స్త్రీలు, ఏదో ఒక చోట నిలిచి ఉంటారు. అమ్ముతూనో పాడుతూనో వాకిట కూర్చొనో కనిపిస్తారు. కదిలేవారి కళ్ళతో కదలనివారిని చూపడం ఈ కావ్య పద్ధతి. ఇక ఆ వీధిలోకి రానివ్వని మనుషులు దృశ్యంలోకే రారు. ఉన్నవాటి జాబితా వేసే సాంఘిక చరిత్రకు ఈ లేమి కనిపించదు. నడకను లెక్కించినప్పుడే కనిపిస్తుంది.

ఆ లేమి 20వ శతాబ్దంలో చట్టసభలో మాటగా మారింది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడి 1953 దాకా మద్రాసు పాలన కింద ఉంది. ఆ మద్రాసు శాసనమండలిలో 1924లో రెట్టమలై శ్రీనివాసన్ ఒక తీర్మానం ప్రతిపాదించారు. ఏ ఊరిలోనైనా, ఏ పట్టణంలోనైనా ప్రజల దారిలో, వీధిలో ఎవరు నడిచినా అభ్యంతరం ఉండకూడదని, ప్రభుత్వ కార్యాలయాలకూ బావులకూ చెరువులకూ ప్రజలు వ్యవహారాలు జరుపుకొనే చోట్లకూ నిమ్నవర్గాలవారు సవర్ణ హిందువులతో సమానంగా పోవచ్చునని దాని సారాంశం. సభ దాన్ని ఆమోదించింది. 1938 నాటి మద్రాసు చట్టం ఈ హక్కుకు మరికొంత బలం చేకూర్చింది. వీధిలో నడవడానికి తీర్మానం కావలసి వచ్చిందంటే, అంతకుముందు వీధి ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు. ఈ చరిత్ర తెలిసిన పాఠకుడు క్రీడాభిరామంలోని ‘ఈ దారి కాకపోతే ఆ దారి’ అనే తేలికదనాన్ని మునుపటిలా చదవలేడు.

భారత రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువులు, రహదారులతోపాటు అంగళ్ళనూ భోజనశాలలనూ పేర్కొంది. 1948 నవంబరులో రాజ్యాంగసభలో అంబేడ్కర్ ఆ అంగడి అన్న మాటకు విస్తృతార్థం చెప్పారు. సరుకమ్మే చోటు మాత్రమే కాదు, రుసుముకు సేవ అందించే ప్రతి చోటూ అందులోకి వస్తుందని వారి వివరణ. ఇది నిఘంటుకారులు గమనించదగిన అర్థవ్యాప్తి. అయినా గడప దాటగానే నడక ముగియదు. లోపల ఎక్కడ నిలబడాలి, బల్లమీద కూర్చోవచ్చునా, ఏ గ్లాసు అందుకోవాలి అన్నవి ఇంకా మిగిలి ఉంటాయి. తేనీటి అంగళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి రాజ్యాంగం వచ్చిన దశాబ్దాల తరువాత కూడా తెలుగు పల్లెల్లో సాగింది.

సంతకు పోయిన దారి, తిరిగి వచ్చిన దారి

పట్టణపు అంగడి నిత్యం. పల్లె సంత వారానికి ఒకనాడు. మిగిలిన ఆరు రోజులు అది ఖాళీ మైదానం. సంతనాడు పొద్దున్నే గోనెపట్టాలు పరచినవారు సాయంత్రానికి సర్దుకొని పోతారు. ఆశీలు వసూలు చేసేవాడు మాత్రం వారి మధ్య తిరుగుతూనే ఉంటాడు. ఓరుగల్లులో అమ్మేవారు నిలిచి ఉంటే కొనేవారు కదిలారు. సంతలో అమ్మేవాడే ముందుగా నడవాలి, సరుకు పశువైతే దాని అడుగుతో నడవాలి. పశువుల సంతలో బేరం బాహాటంగా సాగదు. తుండుగుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర తెలుపుకొంటారు. చుట్టూ వందమంది ఉన్నా ధర ఇద్దరి మధ్యనే ఉండిపోతుంది. ఆ ఇద్దరిలో ఒకడు తరచుగా దళారి. అమ్మిన తరువాత రైతు పశువు లేకుండా, డబ్బుతో, పొద్దు వాలుతుండగా తిరుగుముఖం పడతాడు. పోయేటప్పుడు దారి దీర్ఘం, వచ్చేటప్పుడు భయం.

ఈ తిరుగు దారిని తెలుగు నవలలోకి తెచ్చినవారు చిత్తూరు జిల్లాకు చెందిన డాక్టర్ కేశవరెడ్డి (1946–2015). ‘మునెమ్మ’ నవలలో జయరాముడు గిత్తను అమ్మడానికి తోలుకొని పోతాడు. అతడు తిరిగి రాడు, గిత్త ఒక్కటే ఇంటికి వస్తుంది. మునెమ్మ సినబ్బను తోడు తీసుకొని, గిత్తతో కలిసి, భర్త పోయిన దారిని వెదుకుతూ బయలుదేరుతుంది. ఈ నవలపై వచ్చిన చర్చ ఎక్కువగా మునెమ్మకూ గిత్తకూ మధ్య రచయిత కల్పించిన ప్రతీకాత్మక సంబంధం చుట్టూ తిరిగింది. ఆ చర్చ అవసరమైనదే. కాని దాని వేడిలో దారి వెనకబడింది.

మునెమ్మ చేసిన పని స్థూలంగా చూస్తే మంచనశర్మ చేసినదే. ఇల్లు విడిచి, తోడుతో, పదిమంది మసలే చోట్ల తిరిగింది. తేడా అంతా తరువాతిది. ఆమెది విహారం కాదు. ఆమె చూడబోయిన ప్రతిచోటా ఆమెనూ చూస్తారు. ఓరుగల్లు వీధిలో చూపుకు గురి అయిన స్త్రీ ఇక్కడ జాడలు చదివే స్త్రీ అయింది. మంచనశర్మకు తోడు నగరమెరిగిన మిత్రుడు. ఆమెకు తోడు ఒక పిల్లవాడూ ఒక పశువూ. దారి మార్చుకొనే వెసులుబాటు ఆమెకు లేదు. భర్త నడిచిన దారి ఒక్కటే ఆమె దారి.

ఆ దారికి సాక్షి గిత్త. అమ్మకపు సరుకుగా పోయి, అమ్మిన మనిషి లేకుండా వెనక్కు నడిచి వచ్చింది. పోయినదీ వచ్చినదీ రెండు దారులూ తెలిసిన ప్రాణి ఆ నవలలో అదొక్కటే. మునెమ్మ దాని పలుపు పట్టుకొని నడవడం మొదలుపెట్టింది.