అడుగు పొర ఎవరిది?

ఫోటోషాప్‌లో మామూలు ఫోటో ఒకటి తెరవండి. లేయర్ల పట్టీలో ఒకే ఒక్క గడి కనిపిస్తుంది. దాని పేరు ‘బ్యాక్‌గ్రౌండ్’, పక్కన చిన్న తాళం బొమ్మ. తర్వాత మీరు చేర్చే లేయర్లని పైకీ కిందకీ జరపొచ్చు, సగం కనిపించీ కనిపించకుండా చేయొచ్చు. దీన్ని మాత్రం తాళం తీసేదాకా కదపలేం. బొమ్మ చూసేవాళ్ల కన్ను ఎలాగూ పైపొరల మీదే ఉంటుంది. కానీ బొమ్మని పొరలుగా విడగొట్టాలన్న అవసరం మొదట వచ్చింది ఈ అడుగు పొర వల్లే. ఆ సంగతి తెలియాలంటే కంప్యూటర్ కంటే చాలా వెనక్కి, 1914కి వెళ్లాలి.

ఆ ఏడాది అమెరికన్ కార్టూనిస్టు విన్సర్ మెకే ‘గెర్టీ ద డైనోసార్’ అనే యానిమేషన్ సినిమా తీశాడు. డైనోసార్ కాస్త మెడ తిప్పినా మొత్తం బొమ్మని కొత్త కాగితం మీద మళ్లీ గీయాలి. అంటే అంగుళం కూడా కదలని కొండా, చెట్టూ, నేలా కూడా మళ్లీ గీయాల్సిందే. ఒకటీ రెండూ కాదు, కొన్ని వేల కాగితాలు. గెర్టీని మెకే గీస్తే, వెనకున్న ఆ దృశ్యాన్ని ప్రతి కాగితం మీదా దిద్దుతూ కూర్చున్నది జాన్ ఫిట్జ్‌సిమన్స్ అనే కుర్ర సహాయకుడు. మెకే పేరు తెలిసినంతగా అతని పేరు ఎవరికీ తెలియదు.

ఈ చాకిరీకి విరుగుడు కనిపెట్టింది ఎర్ల్ హర్డ్. కదలని దృశ్యాన్ని ఒక్కసారి వేసి కింద పెట్టు, కదిలే బొమ్మని పారదర్శకమైన సెల్యులాయిడ్ షీటు మీద గీసి దాని పైన పరుచు, రెండిటినీ కలిపి ఫోటో తియ్యి. ఇంతే ఆలోచన. 1915లో దానికి పేటెంట్ వచ్చింది. హర్డ్, జాన్ బ్రే కలిసి కంపెనీ పెట్టి, మిగతా స్టూడియోల దగ్గర లైసెన్సు డబ్బులు కూడా వసూలు చేశారు.

దీనివల్ల రెండు జరిగాయి. వెయ్యిసార్లు గీయాల్సిన పని లేదు కాబట్టి, ఒక్కసారే గీసే ఆ బ్యాక్‌గ్రౌండ్‌ని తీరిగ్గా, అందంగా వేయొచ్చు. అదే సమయంలో అది వేరే మనిషి పని అయిపోయింది. హీరోని గీసేవాళ్లు ఒక గదిలో, అడవిని వేసేవాళ్లు ఇంకో గదిలో. డిస్నీ ‘బాంబీ’ (1942) చూసినవాళ్లకి ఆ మంచు పట్టిన అడవి గుర్తుండే ఉంటుంది. ఒక్కో ఆకూ చెక్కకుండా, రెండు మూడు పల్చటి రంగులతో అడవి ఉందనిపించే ఆ పద్ధతి టైరస్ వాంగ్ అనే చైనీస్ వలస కళాకారుడిది. సినిమా మొత్తానికి రూపం ఇచ్చింది అతని చిత్రాలే. 1941 సమ్మె తర్వాత స్టూడియో అతన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. సినిమా టైటిల్స్‌లో అతను బ్యాక్‌గ్రౌండ్లు వేసినవాళ్లలో ఒకడు, అంతే.

సెల్యులాయిడ్ షీటులో బొమ్మ లేనిచోట కింద ఉన్నది దానంతటదే కనిపిస్తుంది. కంప్యూటర్‌కి ‘ఇక్కడ ఏమీ లేదు’ అని ఎలా చెప్పాలి? 1970ల చివర్లో న్యూయార్క్‌లో ఎడ్ క్యాట్మల్, ఆల్వీ రే స్మిత్ దానికి ఒక దారి చూపించారు. ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు ఉంటాయి కదా, వాటికి నాలుగోది ‘ఆల్ఫా’ చేర్చారు. అది 0 అయితే పూర్తిగా పారదర్శకం, 1 అయితే అస్సలు కాదు. 1984లో లూకాస్‌ఫిల్మ్‌లో పనిచేస్తున్న థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఒక బొమ్మ మీద ఇంకోటి పరిచే లెక్కల్ని వరసగా సూత్రాలుగా రాసిపెట్టారు.

ఫోటోషాప్ 1990లో వచ్చింది కానీ అందులో లేయర్లు లేవు. ఒక ముక్క తెచ్చి అతికిస్తే, సెలెక్షన్ వదిలిన మరుక్షణం అది కిందిదాంట్లో కలిసిపోయేది. తర్వాత మనసు మారినా చేసేదేమీ లేదు. 1994లో వచ్చిన 3.0తో లేయర్లు వచ్చాయి. నిర్ణయాన్ని రేపటికి వాయిదా వేసే సౌకర్యం వచ్చింది.

ఆ సౌకర్యం మన ఊళ్లలో పెళ్లి ఆల్బమ్‌గా మారింది. 12×36 అంగుళాల షీటు. అడుగున రంగు నుంచి రంగుకి జారే గ్రేడియెంట్. దాని మీద లతలో, గోపురమో, 20 శాతం ఒపాసిటీతో. ఆపైన పాత కాగితం టెక్స్‌చర్, మల్టిప్లై మోడ్‌లో. అన్నిటికంటే పైన, అంచులు మాస్క్‌తో మెత్తబరిచిన పెళ్లికూతురూ పెళ్లికొడుకూ.

ఇందులో మల్టిప్లై దగ్గర కాసేపు ఆగాలి. పై రంగునీ కింది రంగునీ గుణించడమే దాని పని. తెలుపు 1, నలుపు 0 అనుకోండి. తెలుపు దేన్ని గుణించినా అది మారదు కాబట్టి తెలుపు మాయమవుతుంది, మిగతావి ఒకదాని మీద ఒకటి చిక్కబడతాయి. గుడ్డకి అద్దకం వేసేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. మచిలీపట్నం తీరం నుంచి 17, 18 శతాబ్దాల్లో యూరప్‌కి వెళ్లిన కలంకారీ బట్టల్లో ఆకుపచ్చకి విడిగా రంగు లేదు. ముందు నీలిమందు, దాని మీద పసుపుపచ్చ. రెండూ కలిసి ఆకు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ లాంటి మ్యూజియాల్లో ఇప్పుడు ఆ బట్టలు చూస్తే చాలా ఆకులు నీలంగా ఉంటాయి. పసుపు నిలిచే రంగు కాదు. రెండు మూడొందల ఏళ్లలో పైపొర వెలిసిపోయి అడుగుది బయటపడింది. వాటిని అద్దిన చేతుల పేర్లు మాత్రం మనకి దొరకవు.

ఆల్బమ్ షీట్లదీ అదే దారి. అవి పీఎస్‌డీ ఫైళ్లుగా పెన్‌డ్రైవ్‌ల మీదా, డౌన్‌లోడ్‌ల మీదా స్టూడియో నుంచి స్టూడియోకి తిరుగుతుంటాయి. ఒకే తోట ముందు ఎన్ని జంటలు నిలబడ్డాయో ఎవరూ లెక్కపెట్టరు. ఫిట్జ్‌సిమన్స్ వేలసార్లు గీసిన చోట ఇప్పుడు ఒకరు ఒక్కసారి చేస్తే వేలమంది వాడుకుంటారు. పని తగ్గింది, మంచిదే. కానీ తోట చేసినవాళ్లకి ఆ వేలసార్లలో ఒక్కదానికైనా కూలీ అందుతుందా అంటే, అంత చేతులు మారిన ఫైల్లో అడగడానికి కూడా ఎవరూ దొరకరు.

ప్రింట్‌కి పంపే ముందు ‘ఫ్లాటెన్’ కొడతారు, పొరలన్నీ ఒక్కటవుతాయి. అంతకు ముందే ఫైల్ తెరిచి లేయర్ల పట్టీ కిందికి జరిపితే, ఏ మూలో ‘లేయర్ 14 కాపీ 3’ అని ఉంటుంది. ఎవరో ఆ పువ్వుని మూడుసార్లు కాపీ చేసి, పక్కకి జరిపి, కాస్త తిప్పి చూశారు. పేరు మార్చేంత తీరిక దొరకలేదు.