ఒక్క డాలర్ లెక్క

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్ల పరుగు. ఈ రోజుల్లో పెద్ద ఊళ్లలో జరిగే మారథాన్‌లలో చాలామంది గెలవాలని పరుగెత్తరు. ఒక ఆసుపత్రి కోసమో, అనాథ పిల్లల కోసమో చందా పోగు చేయడానికి పరుగెత్తుతారు. ఇది విన్నప్పుడు నాకు ఒక సందేహం వచ్చింది. పరుగెత్తినవాడికి ఎవరూ కూలి ఇవ్వరు కదా, మరి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? 1980లో కెనడా దేశంలో జరిగిన ఒక పరుగు గురించి చదివితే నాకు దీనికి జవాబు దొరికింది.

ఆ పరుగు టెర్రీ ఫాక్స్ అనే యువకుడిది. ఆయన 1958 జులై 28న పుట్టాడు. కెనడా పడమటి వైపున్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో పెరిగాడు. బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం. 1977లో, 18 ఏళ్ల వయసులో, ఆయనకు ఎముక క్యాన్సర్ వచ్చింది. కుడి కాలును మోకాలి పైదాకా తీసేశారు. ఆపరేషన్‌కు ముందు రోజు రాత్రి ఆయన కోచ్ ఒక పత్రిక తెచ్చి ఇచ్చాడు. కాలు లేకపోయినా న్యూయార్క్ మారథాన్ పూర్తి చేసిన డిక్ ట్రామ్ గురించి అందులో రాశారు. టెర్రీ ఆలోచనకు విత్తనం అక్కడే పడింది.

తర్వాత నెలల తరబడి చికిత్స జరిగింది. ఆసుపత్రిలో తనకంటే చిన్నపిల్లలు పడే బాధ ఆయన కళ్లారా చూశాడు. డాక్టర్లు ఇంకో మాట కూడా చెప్పారు. ఈ జబ్బు రెండేళ్ల ముందు వచ్చి ఉంటే బతికే అవకాశం నూటికి 15 వంతులే, కొత్త మందుల వల్ల ఇప్పుడది 50 వంతులైంది అని. అంటే పరిశోధనకు డబ్బుంటే ప్రాణాలు నిలుస్తాయని ఆయనకు అనుభవంలోనే తెలిసింది. అందుకే చందా అడిగింది తన వైద్యం కోసం కాదు, క్యాన్సర్ పరిశోధన కోసం.

కట్టుడు కాలుతో పరుగు నేర్చుకోవడానికి ఏడాదికి పైగా పట్టింది. మంచి కాలుతో రెండు అడుగులు, కట్టుడు కాలుతో ఒక అడుగు, ఇదీ ఆయన పరుగు తీరు. 1979 ఆగస్టులో ఒక పోటీలో పాల్గొని అందరికంటే చివర వచ్చాడు. ఆయన ముందువాడు చేరిన పది నిమిషాలకు గాని ఈయన చేరలేదు. అయినా చూసినవాళ్లు కన్నీళ్లతో చప్పట్లు కొట్టారు. దేశం ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుగెత్తుతానని ఆయన కెనడా క్యాన్సర్ సొసైటీకి ఉత్తరం రాస్తే వాళ్లు వెంటనే నమ్మలేదు. ముందు సహాయం చేసే కంపెనీలను చూసుకో, గుండె డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకురా అన్నారు. ఆయన రెండూ చేశాడు. ఒక కంపెనీ వ్యాను, ఇంకొకటి పెట్రోలు, మరొకటి బూట్లు ఇచ్చాయి. కానీ తమ సరుకును మెచ్చుకుని ప్రచారం చేయమన్న కంపెనీలను మాత్రం ఆయన వద్దన్నాడు.

1980 ఏప్రిల్ 12న, తూర్పు కొసన ఉన్న సెయింట్ జాన్స్ ఊరిలో, అట్లాంటిక్ సముద్రపు నీళ్లలో తన కట్టుడు కాలు ముంచి పరుగు మొదలుపెట్టాడు. దీనికి ఆశా మారథాన్ అని పేరు పెట్టాడు. స్నేహితుడు డగ్ ఆల్వార్డ్ వ్యాను నడుపుతూ వెంట వచ్చాడు. రోజుకు దాదాపు 42 కిలోమీటర్లు, అంటే ప్రతి రోజూ ఒక మారథాన్!

మొదట్లో జనానికి పెద్దగా తెలియదు. అయితే పోర్ట్ ఓ బాస్క్ అనే చిన్న ఊరు ఒక దారి చూపించింది. ఆ ఊళ్లో ఉన్నది దాదాపు 10,000 మంది. వాళ్లంతా కలిసి ఇచ్చింది 10,000 డాలర్లకు పైనే. మనిషికి ఒక డాలర్ అన్నమాట. మొదట 10 లక్షల డాలర్లు చాలనుకున్న టెర్రీ, తర్వాత కోటి అన్నాడు. చివరికి దేశంలో ప్రతి మనిషీ ఒక్క డాలర్ ఇవ్వండి అన్నాడు. అప్పటి కెనడా జనాభా దాదాపు 2.4 కోట్లు.

క్యూబెక్ రాష్ట్రంలో మాత్రం ఆయనకు చాలా కష్టమైంది. అక్కడ ఎక్కువమంది మాట్లాడేది ఫ్రెంచి. టెర్రీకి, డగ్‌కి ఫ్రెంచి రాదు. కార్లవాళ్లు ఆయన్ని రోడ్డు పక్కకు నెట్టేసేలా పోయేవాళ్లు. జూన్ 22న మాంట్రియల్ చేరేటప్పటికి మూడో వంతు దారి అయింది, వచ్చింది మాత్రం 2 లక్షల డాలర్ల పైచిలుకు. ఈ భాగం నాకు బాగా అర్థమైంది. మా హోసూరు వైపు ఒకే వీధిలో తెలుగు, కన్నడ, తమిళ ఇళ్లుంటాయి. పోయినేడు వరద బాధితుల కోసం మేము డబ్బా పట్టుకుని తిరిగినప్పుడు, ముందు ఇంట్లోంచి ఏ మాట వినబడుతుందో చూసి ఆ భాషలో అడిగేవాళ్లం. ఎందుకు అడుగుతున్నామో అర్థమైతే పది రూపాయలైనా పడేవి. క్యూబెక్ జనం పిసినారులని నేను అనుకోను. సంగతి వాళ్ల భాషలో వాళ్ల దాకా సరిగ్గా చేరలేదు, అంతే.

అక్కడి నుంచి కథ మారింది. క్యాన్సర్‌తో కొడుకును పోగొట్టుకున్న ఇసడోర్ షార్ప్ అనే హోటళ్ల యజమాని ముందుకొచ్చాడు. తానిచ్చింది కాక ఇతర కంపెనీలను కూడా చందాకు ఒప్పించాడు. ఒంటారియో రాష్ట్రంలో ఊరూరా జనం రోడ్డు పక్కన నిలబడ్డారు. టొరంటోలో 10,000 మంది వచ్చారు. ఆ ఒక్కరోజే లక్ష డాలర్లు వచ్చాయి.

సెప్టెంబర్ 1న థండర్ బే ఊరి దగ్గర దగ్గు ఆగలేదు, గుండెల్లో నొప్పి వచ్చింది. దారి పక్కన జనం చప్పట్లు కొడుతున్నారు. వాళ్లు కనుమరుగయ్యేదాకా పరుగెత్తి, అప్పుడు వ్యానెక్కి ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. అప్పటికి 143 రోజులు, 5,373 కిలోమీటర్లు అయ్యాయి. లెక్క వేస్తే 127 మారథాన్లు.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. పరుగు ఆగిన రోజుకు వచ్చింది 17 లక్షల డాలర్లే. కొద్ది రోజులకే ఒక టీవీ సంస్థ ఆయన కోసం చందా కార్యక్రమం పెడితే కోటీ 5 లక్షలు వచ్చాయి. అందులో రెండు రాష్ట్ర ప్రభుత్వాలు చెరి 10 లక్షలిచ్చాయి. 1981 ఫిబ్రవరిలో మొత్తం 2.4 కోట్లు దాటింది. మనిషికి ఒక డాలర్ లెక్క సరిపోయింది. అంటే పరుగెత్తే రోజుల్లో వచ్చింది నూటికి ఏడు వంతులు, మిగతాదంతా ఆగాక వచ్చింది.

కొందరు దీన్ని చూసి, జబ్బు తిరగబెట్టిందని జాలిపడి ఇచ్చారు అంటారు. జాలి కొంత ఉండొచ్చు. కానీ జాలి ఒక్కటే అయితే ఆసుపత్రిలో ఉన్న ప్రతి రోగికీ ఇలా రావాలి కదా. నా ఉద్దేశంలో ఆ 143 రోజులే కారణం. ఆయన తన కోసం ఏమీ అడగడం లేదని, ఎవరి సరుకూ అమ్మడం లేదని జనం రోజూ చూశారు. పైగా అడిగింది ఒక్క డాలర్. బీదవాళ్లు కూడా అది ఇవ్వగలరు. ఇచ్చిన ప్రతివాడికీ ఆ పరుగులో తన పాలు ఉన్నట్టే. పరుగు డబ్బు సంపాదించదు, నమ్మకం సంపాదిస్తుంది. డబ్బు దాని వెనక వస్తుంది.

టెర్రీ 1981 జూన్ 28న, ఇంకో నెలలో 23 ఏళ్లు నిండుతాయనగా, చనిపోయాడు. ఆ సెప్టెంబర్‌లోనే ఆయన పేరుతో మొదటి పరుగు జరిగింది. 3 లక్షల మంది పాల్గొని 35 లక్షల డాలర్లు పోగు చేశారు. ఇప్పుడది చాలా దేశాల్లో జరుగుతోంది. మన చెన్నైలో కూడా ఐఐటీ మద్రాస్‌లో జరిపారు. ఇన్నేళ్లలో పోగైన మొత్తం 80 కోట్ల డాలర్లు దాటింది. ఈ పరుగులో మొదటి బహుమతి, రెండో బహుమతి అంటూ ఏమీ ఉండవు. నడిచినా సరే, చక్రాల కుర్చీలో వచ్చినా సరే. చివర వచ్చినవాడు ఎవరని ఎవరూ అడగరు.